ఆఫర్లలో కొని నిల్వ పెడితే నిజంగా డబ్బు మిగులుతుందా?

నిజాంపేట్ కోడలు:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, నిజాంపేట్. మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. నేను, మా ఆయన, అత్తయ్య, ఏడేళ్ళ బాబు, ఎనిమిది నెలల పాప. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ఒక్క జీతం మీద ఇల్లు నడవాలి కాబట్టి సరుకుల లెక్క నేను చూసుకుంటానని చెప్పాను. పాలు, కూరగాయలు కాకుండా నెలకి 13 వేలు అవుతోంది. దాన్ని పదివేలకి తేవాలని నా పట్టుదల.

ఏప్రిల్ నుంచి కూపన్ల మీద పడ్డాను. ఫోన్లో మూడు యాప్‌లు పెట్టుకున్నాను. 999 దాటితే వంద తగ్గింపు, ఫలానా కార్డు వాడితే పది శాతం, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ, ఏదీ వదల్లేదు. బిల్లు చివర ‘మీరు ఆదా చేసింది ఇంత’ అని పచ్చ అక్షరాల్లో కనిపిస్తే మనసుకి ఎంతో తృప్తిగా ఉండేది. మూడు నెలలవీ కూడితే 2,840 రూపాయలు వచ్చింది. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూస్తే, జూన్‌లో సరుకులకి పోయింది 14,600. తగ్గాల్సింది పెరిగింది.

మొన్న ఆదివారం అత్తయ్య ఉప్మా చేద్దామని బొంబాయి రవ్వ డబ్బా మూత తీశారు. లోపల సాలెగూడులాగా దారాలు కట్టి, రవ్వ ఉండలు ఉండలుగా వేలాడుతోంది. ఆఫర్లో తీసుకున్న నాలుగు కిలోలదీ అదే పరిస్థితి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. చాటలో పోసి, జల్లించి, ఇక తినడానికి పనికిరాదని పక్కన పెట్టేశారు. అది చూశాక గట్టు కింద ఉన్నవన్నీ బయటికి తీశాను. ఓట్స్ మూడు ప్యాకెట్లు, నూడుల్స్ ఐదు, సాస్ సీసాలు రెండు, అన్నిటికీ తేదీ దాటిపోయింది. రవ్వతో కలిపి 1,310 రూపాయల సరుకు.

మా అమ్మమ్మ కాలంలో ఏడాదికి సరిపడా ఇంట్లో పెట్టుకునేవాళ్ళు కదా. వాళ్ళకి మిగిలింది, నాకెందుకు మిగలట్లేదు? ఏవి నిల్వ పెట్టాలి, ఏవి వద్దు, ఎంత పెట్టాలి? ఇల్లు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

వరంగల్ కిరాణా:

అక్కా, మా నాన్నది కిరాణా కొట్టు. పదో తరగతి నుంచి నేనూ గల్లాలో కూర్చున్నాను కాబట్టి కొట్టు వైపు నుంచి రెండు మాటలు చెప్తాను.

ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని కనబడగానే ముందు తేదీ చూడండి. కొత్త సరుకు మీద కూడా కంపెనీలు స్కీములు ఇస్తాయి. కానీ తేదీ దగ్గర పడ్డ సరుకుని త్వరగా కదిలించడానికి పెట్టేవీ చాలానే ఉంటాయి. ఈ నెలలోనే తినేసేది అయితే హాయిగా తీసుకోండి, నిల్వకి మాత్రం వద్దు. యాప్‌లో వచ్చే సరుకుకి తేదీ చాలావరకు ముందు కనబడదు, అది ఇంకో ఇబ్బంది.

రెండోది బియ్యం. 2022 జులైలో 25 కిలోల లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేశారు. అప్పటినుంచే మార్కెట్లో 26 కిలోల బస్తాలు ఎక్కువగా కనబడుతున్నాయి, ఆ బరువుకి ఆ పన్ను పడదు. విడిగా తూచి ఇచ్చే పప్పుకీ పడదు. మీరు కొనే పది కిలోల బ్యాగుకి, 26 కిలోల బస్తాకి కిలో లెక్క కట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంకొకటి, నెల సరుకులు ఒకే కొట్లో చీటీ రాసిచ్చి తీసుకునేవాళ్ళకి మా నాన్న అడగకుండానే రేటు చూసి వేస్తాడు. మీ వీధిలో కొట్టాయన కూడా అలాగే చేయొచ్చు, ఒకసారి మాట్లాడి చూడండి.

తెనాలి పిన్ని:

అమ్మాయ్, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. రవ్వ పాడైందని బాధపడకు. రవ్వ అసలు నిల్వ సరుకే కాదు, ఆ సంగతి నీకెవరూ చెప్పలేదు, అంతే.

నేను 2011 నుంచి ఒక పుస్తకం రాస్తున్నాను. పెద్ద గొప్ప పుస్తకమేం కాదు, రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. తేదీ, సరుకు, ఎక్కడ కొన్నాను, కిలో ఎంత పడింది, అంతే రాస్తాను. అర కిలో కొన్నా కిలోకి లెక్క కట్టి రాస్తాను. నీ ఇంట్లో ఎక్కువ ఖర్చయ్యే ఇరవై సరుకులు ఏరి రెండు నెలలు ఇలా రాయి. అప్పటిదాకా ఒక్క ఆఫరు కూడా ముట్టుకోకు. మామూలు ధర తెలియకుండా తగ్గింపు ధర ఎలా తెలుస్తుంది తల్లీ? ఎమ్మార్పీ కొట్టేసి పక్కన వేసిన అంకె చూసి మనం తగ్గిందనుకుంటాం. ఆ సరుకు మన వీధి కొట్లో రోజూ అదే ధరకి ఉండొచ్చు. నూనె ప్యాకెట్లు చూశావా? అన్నీ లీటరు ప్యాకెట్లే అనుకుంటాం, కొన్ని 850 మిల్లీలీటర్లే ఉంటున్నాయి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో వేస్తారు. కళ్ళజోడు పెట్టుకునైనా అది చదవాలి.

ఇంక నిల్వ సంగతి. మీ అమ్మమ్మగారు ఏడాదికి పెట్టుకున్నవి ఏమిటో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. ధాన్యం, కందులు, మిర్చి, చింతపండు, పసుపు, ఆవకాయ. అన్నీ పంట చేతికొచ్చిన నెలలో, అంటే ఏడాదిలో చవగ్గా దొరికే నెలలో కొని, ఎండబెట్టి దాచినవి. పైగా బియ్యం కాదు, ధాన్యం దాచేవాళ్ళు. పైన ఊక ఉంటుంది కాబట్టి త్వరగా పురుగు పట్టదు, కావాల్సినప్పుడు ఒక బస్తా ఆడించుకునేవాళ్ళు. నువ్వు దాచిన రవ్వ, ఓట్స్, నూడుల్స్ అన్నీ మర పట్టినవి. ధాన్యం గింజని మర పట్టి చేసింది ఏదైనా మన తేమకి ఎక్కువ రోజులు నిలవదు.

మిర్చి లెక్క చెప్తాను, అది నా చేతి మీదుగా జరిగింది. గుంటూరు యార్డుకి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ బాగా వస్తుంది. పోయిన వేసవిలో తెలిసిన రైతు దగ్గర ఐదు కిలోలు తీసుకున్నాను, కిలో 150. డాబా మీద పాత నూలు చీర పరిచి రెండు రోజులు ఎండబెట్టాను. సాయంత్రం మంచు దిగక ముందే మూట కట్టి లోపలికి తెచ్చేదాన్ని. కాయ విరిస్తే ఫట్‌మని విరగాలి, లోపల గింజ గలగలమని కదలాలి. వంగితే ఇంకో రోజు ఎండాలి. తొడిమలు తీసి మరకి ఇస్తే నాలుగు కిలోల మూడొందల గ్రాముల కారం వచ్చింది. మర కూలి 200. మొత్తం 950 రూపాయలు, అంటే కిలో 220 పడింది. ప్యాకెట్ కారం వంద గ్రాములు 45, కిలో 450 అన్నమాట. ఒక్క కారం మీదే దగ్గర దగ్గర వెయ్యి మిగిలింది. ఉప్పు కలిపి జాడీలో కూరి, గుడ్డ వాసెన కట్టాను. నెలకి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటాను, పెద్ద జాడీ రోజూ తెరవను.

చింతపండు కూడా అంతే. ఫిబ్రవరి, మార్చిలో కొత్తది వస్తుంది. మూడు కిలోలు కొని, గింజా పీచూ తీసి, ఒక వరస చింతపండు ఒక వరస కళ్ళుప్పు వేసి జాడీలో అదుముతాను. ఏడాది తిరిగేసరికి నల్లబడుతుంది. రుచికి ఏమీ కాదు, పులుసుకి నల్లదే బాగుంటుందని మా ఇంట్లో అంటారు.

కందిపప్పు మాత్రం జాగ్రత్త. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను, అది కూడా పుస్తకంలో రాసి ఉంది. 2024 ఫిబ్రవరిలో కిలో 150 చొప్పున పన్నెండు కిలోలు పెట్టాను, వానాకాలానికి 180 అయింది. నాకు 360 మిగిలింది కదా అని మరుసటి ఏడాది మళ్ళీ పన్నెండు కిలోలు 130కి పెట్టాను. ఆ ఏడాది పంట బాగుండి, దిగుమతి పప్పు కూడా వచ్చి, ఆషాఢం నాటికి 110కి దిగింది. 240 పోయింది. పప్పు ధర పంటని బట్టి, బయటి నుంచి వచ్చే సరుకుని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మన చేతిలో లేదు. అందుకని ఇప్పుడు మూడు నెలలకి మించి పెట్టను. పెట్టినంతవరకు ఒకరోజు ఎండలో పోసి, చల్లారాక అరచేతికి కాస్త ఆముదం రాసుకుని పప్పుకి పట్టిస్తాను. పట్టింది సరిపోయిందో లేదో ఒక గుప్పెడు తీసి స్టీలు పళ్ళెంలో జారవిడిచి చూస్తాను. గింజ మెరవాలి కానీ వేలికి జిడ్డు అంటకూడదు.

ఉల్లిపాయలు నిల్వ పెట్టేటట్టయితే ఏప్రిల్, మేలలో వచ్చే మహారాష్ట్ర పాయ పెట్టు, రెండు మూడు నెలలు ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులో వచ్చే కర్నూలు పాయ వారానికి సరిపడానే కొను, అది నిలవ ఉండదు.

సబ్బులు, పేస్టు, బట్టల పొడి, వీటికి నీ కూపన్లు పనికొస్తాయి. పురుగు పట్టదు, ఎప్పుడూ వాడేవే. మూడు నాలుగు నెలలకి తీసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, ఒంటి సబ్బులు, పేస్టు, షాంపూ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. అంతకు ముందు నీకు గుర్తున్న ధరలు పక్కన పెట్టి కొత్తవి రాయి. అప్పట్లో ఆఫరు ధర అనుకున్నది ఇప్పుడు మామూలు ధర అయి ఉండొచ్చు.

999 దాటించడానికి బుట్టలో అక్కర్లేనిది ఒకటి వేస్తున్నావు చూడు, నీ డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. చీటీ ముందు కాగితం మీద రాసి, అది పూర్తయ్యాక ఫోను తీయి. 840 అయితే 840 కట్టు. వంద తగ్గింపు కోసం 160 పెట్టి నూడుల్స్ కొనకు.

డాలస్ వంటిల్లు:

పిన్నిగారు చెప్పినదానికి మా అనుభవం కూడా కలుపుతాను. మేము టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడ కూపన్లతో కొనడం చాలామంది శ్రద్ధగా, ఒక పనిలా చేస్తారు. కంపెనీ కూపన్ ఒకటి, స్టోరు కూపన్ ఒకటి, రెండూ ఒకే వస్తువు మీద వాడుకోనిచ్చే షాపులు ఉన్నాయి. ఆదివారం పేపర్లో వచ్చేవి కత్తిరించి ఫైలులో పెట్టుకునేవాళ్ళు, ఇప్పుడు చాలావరకు ఫోన్లోకి వచ్చేశాయి. వచ్చిన కొత్తలో నేనూ నేర్చుకున్నాను. ఏడాది తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, కూపన్లు ఎక్కువగా వచ్చేది సీరియల్స్, షాంపూ, డైపర్లు, ఫ్రోజెన్ తిండి మీద. మనం రోజూ వండుకునే కందిపప్పు మీద, సోనా మసూరి మీద, బెండకాయల మీద నాకు ఎప్పుడూ రాలేదు. కూపన్ల వెంట వెళ్ళేకొద్దీ మా ఇంట్లో తిండే మారిపోతూ వచ్చింది. అది గమనించాక ఆపేశాను.

మీకు చంటిపాప ఉందన్నారు కాబట్టి డైపర్ల గురించి చెప్పాలి. ఇక్కడ మూడు నెలలకి సరిపడా ఒకే సైజు తీసుకున్నాను. మా పాప ఐదు వారాల్లో తర్వాతి సైజుకి వెళ్ళిపోయింది. రెండు పెట్టెలు సీలు తీయకుండానే స్నేహితురాలికి ఇచ్చేశాను. డైపర్లు నెలకి మించి కొనకండి. పాపకి ఇప్పుడున్నది కాస్త బిగుతుగా ఉందనిపిస్తే పై సైజు ఆఫర్లో తీసుకోండి, అది వృథా పోదు.

భయంతో నిల్వ పెట్టడం ఇంకా నష్టం. 2023 జులై 20న ఇండియా నుంచి బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారని వార్త వచ్చింది. మర్నాడే ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్ళంతా లైన్లో ఉన్నారు. మేం వెళ్ళిన చోట ఇంటికి ఒక బస్తా అని బోర్డు పెట్టారు. నేను, మా ఆయన వేర్వేరుగా మూడు షాపులు తిరిగి ఆరు బస్తాలు తెచ్చాం, ఒక్కొక్కటి 20 పౌండ్లు. అంతకు ముందు వారం 18 డాలర్లకి కొన్న బస్తా ఆ రోజు 34. తెచ్చి గరాజ్‌లో పెట్టాం. ఇక్కడ ఆగస్టు ఎండ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి తెలుసు. అక్టోబరులో మూడో బస్తా విప్పితే బియ్యం మీద నల్లగా ముక్కపురుగులు పాకుతున్నాయి. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, ‘జల్లించి, కడిగి వండుకోండి, పారేయకండి’ అంది. అలాగే తిన్నాం. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. కానీ ఆ మధ్యలో కూడా మా ఇంట్లో అన్నం లేని రోజు ఒక్కటీ రాలేదు. ఆ రోజు రెండు బస్తాలతో ఆగి ఉంటే సరిపోయేది.

రవ్వ, పిండి ఆఫర్లో వస్తే ఒక పని చేయండి. ప్యాకెట్ విప్పకుండా ఇంకో కవరులో పెట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక కవరు మీద తడి పూర్తిగా ఆరేదాకా ఆగి, అప్పుడు డబ్బాలో పోయండి. పురుగు గుడ్లు ఉంటే చనిపోతాయి. నేను ఇప్పుడు గోధుమపిండికి ఇలాగే చేస్తున్నాను.

నిజాంపేట్ కోడలు:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. రెండు నెలలు పుస్తకం రాశాకే మళ్ళీ ఇక్కడికి రావాలని ఆగాను. బాబు పాత నోటుబుక్‌లో మిగిలిన పేజీలు వాడుకున్నాను, ఇరవై కాదు, ఇరవై మూడు సరుకులు అయ్యాయి.

యాప్‌లో మినప్పప్పు కిలో 149, ‘30 శాతం తగ్గింపు’ అని ఉండేది. మా వీధి చివర కొట్లో విడిగా 138. నాలుగు నెలలుగా నేను ఆ 149కే సంతోషపడి కొంటున్నాను. బట్టల పొడి మాత్రం యాప్‌లోనే చవక, అది మూడు నెలలకి తీసుకున్నాను. కొట్టాయన చీటీ చూసి, ‘ప్రతి నెలా ఇక్కడే తీసుకుంటానంటే మూడో అంతస్తుకి మా అబ్బాయి తెచ్చి పెడతాడమ్మా’ అన్నారు. మొదటి నెల 11,900, రెండో నెల 10,750. రెండో నెల బిల్లు అత్తయ్యకి చూపిస్తే, ‘మిగిలిన దానితో పాపకి చలికాలం స్వెటర్ కొను’ అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిన్నిగారూ, ఇప్పుడు 26 కిలోల బస్తాలు రెండు తీసుకున్నాను. పెట్టే చోటు వంటింట్లో లేదు, పడకగదిలో మంచం కింద పెట్టాలి. పురుగు పట్టకుండా బిళ్ళలు వేయమని పక్కింటివాళ్ళు అంటున్నారు. వేయొచ్చా? బోరిక్ పౌడర్ కలపమని ఇంకొకరు చెప్పారు.

తెనాలి పిన్ని:

రెండూ వద్దమ్మా. ముందు బిళ్ళల సంగతి. గోదాముల్లో వేసే ఆ బిళ్ళలకి గాలిలో తేమ తగిలితే విషవాయువు వస్తుంది. మూసిన గదిలో మనుషుల ప్రాణం తీస్తుంది. మీరు ఆ మంచం మీదే చంటిపిల్లతో పడుకుంటారు. ఎవరైనా అప్పటికే తెచ్చి ఇచ్చి ఉంటే ఇంట్లో ఉంచకు, బియ్యంలో వేయకు, వెంటనే వెనక్కి ఇచ్చెయ్. బోరిక్ పౌడర్ మా చిన్నప్పుడు కలిపేవాళ్ళు. ఎన్నిసార్లు కడిగినా ఎంతో కొంత మిగులుతుంది, చంటిపిల్ల ఉన్న ఇంట్లో అసలు వద్దు.

రెండు బస్తాలే కదా, దానికి ఇంత కష్టం అక్కర్లేదు. మూత గట్టిగా పట్టే స్టీలు డ్రమ్ము ఒకటి తీసుకో, ముందు ఒక బస్తా అందులో పొయ్యి. రెండో బస్తా కుట్టు విప్పకు. నేల మీద కాకుండా చెక్క మీద పెట్టు, గోడకి జానెడు దూరం ఉండాలి. వానాకాలం గోడ చెమ్మ బస్తాకి తగిలితే ముందు బూజు, ఆ వెనకే పురుగు. వేపాకు నీడలో గలగలలాడేదాకా ఎండబెట్టి, పల్చటి గుడ్డలో మూటలు కట్టి డ్రమ్ములో అడుగున ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి వెయ్యి. పచ్చి ఆకు వేస్తే దాని తేమే బియ్యానికి పడుతుంది. తడి చెయ్యి, తడి గ్లాసు డ్రమ్ములో పెట్టకూడదని బాబుకి కూడా చెప్పు.

డ్రమ్ము ఖాళీ అయినప్పుడు కడిగి, పూర్తిగా ఒకరోజు ఎండబెట్టాకే రెండో బస్తా పొయ్యి. పాత బియ్యం అడుగున ఉండగా పైన కొత్తది పోయకు, పురుగు అక్కడి నుంచే ఎక్కుతుంది.

ఫిబ్రవరి చివర్లో మిర్చి కొనేటప్పుడు ఇక్కడే రాస్తాను. నీకు రెండు కిలోలు చాలు. మీ డాబా మీద ఆరబెట్టుకోవడానికి ఇంటి ఓనరుని ఇప్పుడే అడిగి ఉంచు.